డెన్సియో ఒంట్లో సుత్తి చప్పుడు

డెన్సియో రాత్రంతా సముద్రం మీద వేటాడి, తెల్లారాక ఎండుచేపతో ఇంత అన్నం తిని పడుకునేవాడు. గాఢనిద్ర పట్టగానే ఒంట్లోంచి టక్ టక్‌మని సుత్తి చప్పుడు మొదలయ్యేది. ఆ రేవులో అందరి ఒళ్లూ అంతే, నిద్రలోనే తమను తాము బాగుచేసుకునేవి. చంటిపిల్లల ఒళ్లయితే మరీ గోల, పెరగాలి కదా మరి! "నిన్న మీ ఇంట్లో రిపేర్లు జోరుగా సాగినట్టున్నాయే" అని ఇరుగుపొరుగు వేళాకోళమాడేవారు.

ఆమధ్య లంగరు తాడు డెన్సియో కుడిచేతిని నలిపేసింది. ఎన్ని మందులు వాడినా గాయం మానలేదు. సోమవారానికి వాపు తగ్గకపోతే రెండు వేళ్లు తీసేయాల్సిందేనన్నాడు డాక్టరు. వేళ్లు లేకుండా వల ఎలా లాగుతాడు? పెళ్లాం మెర్లీ గుండెల్లో రాయి పడింది.

తప్పు మెర్లీదే, పాపం. వాళ్ల నాన్న నిద్రలో మూలుగుతూనే పోయాడు. దాన్ని అక్కడ బంగుంగోట్ అంటారు. మూలుగు వినిపిస్తే కాలి బొటనవేలు కొరికి లేపాలంటారు. డెన్సియో 'ఊఁ' అంటే చాలు, కసుక్కున కొరికేది. అతను లేచి కూర్చునేవాడు, సుత్తి ఆగిపోయేది.

"చేతి వేళ్ల సంగతి దేవుడెరుగు, ముందు కాలి వేలు పోయేట్టుంది తల్లీ!" అని లబోదిబోమనేవాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే పడుకున్నాడు. చప్పుడు మొదలైంది. కాసేపటికి మూలుగూ మొదలైంది. మెర్లీ వంగింది. అత్త బసియాంగ్ ఆమె జడ పట్టి వెనక్కి లాగింది.

"ఆగవే! మొన్న ఊరివాళ్లు మన వెదురిల్లు ఎత్తి భుజాల మీద గట్టుకు మోశారే, వాళ్లు మూలగలేదూ?"

"మూలిగారు."

"వాళ్ల కాళ్లు కొరికావా?"

"మరి మా నాన్న, అత్తా..."

"మీ నాన్న మూలిగినప్పుడు ఒంట్లో చప్పుడు వినబడిందా?"

మెర్లీ గుర్తు చేసుకుంది. లేదు. ఆ రోజు సుత్తి లేదు, ఉత్త మూలుగే.

తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. చప్పుడు భుజం దిగి మోచేతికొచ్చింది, తర్వాత అరచేతిలోకి. ఎండ వాలేదాకా ఆగలేదు.

"ఏమే, ఇవాళ నా వేలు వదిలేశావేం? ఆకలి లేదా?" అంటూ డెన్సియో ఒళ్లు విరుచుకున్నాడు. ఆ విరుచుకోవడంలో కుడిచేతి వేళ్లు ఐదూ ముడుచుకుని తెరుచుకున్నాయి. వాపు దిగిపోయింది. మెర్లీ అతని వీపు మీద ఒక్కటిచ్చి, బావురుమంది. ఏడుస్తూనే అన్నం పెట్టింది. అతను చెంచా పక్కకి నెట్టి, ఆ చేత్తోనే కలుపుకుని తిన్నాడు. మెర్లీ వడ్డిస్తూనే ఉంది.

"మాకూ కాస్త ఉంచవే!" అంది అత్త.

కంచం తీయకుండానే మెర్లీ చాప మీద వాలిపోయింది. మొగుడికి కాపలా కాస్తూ సరిగ్గా నిద్రపోని ఆమె ఒంట్లోంచి ఎన్నాళ్లకో టక్ టక్ మొదలైంది. డెన్సియో గుమ్మంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెల్లగా నడవండి. లోపల పని జరుగుతోంది."