ఏడు వీధులు ఊడ్చిన మేస్త్రమ్మ

కూతురు పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని బంగారం లాంటి వీధుల్లో చెత్త పోస్తుంటే చూస్తూ ఊరుకోవడం మేస్త్రమ్మ వల్ల కాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మున్సిపాలిటీలో పనిచేసిన మనిషి ఆవిడ. మొదటినుంచీ వీధులు ఊడ్చింది, చివరి పదేళ్ళు తనూ ఊడుస్తూనే మిగతావాళ్ళ మీద మేస్త్రీగా ఉండి రిటైరైంది. ఆ పేరు అప్పుడు పడిందే. చీపురు వదిలి రెండేళ్ళయినా, దారిలో కాగితం ముక్క కనిపిస్తే ఆవిడ చేతులు ఇప్పటికీ ఊరుకోవు.

"ఏమే, అంత ముచ్చటగా ఊరు కట్టి దాని నెత్తిన ఈ దరిద్రం ఏంటే?" అంది వెనకనుంచి.

"నిజం ఊరిలా ఉండాలమ్మా," అంది కూతురు తల తిప్పకుండానే. "మా సారు అదే అడుగుతున్నాడు."

కూతురి ఉద్యోగం సంగతి మేస్త్రమ్మకు అర్థమైనంతవరకు ఇదీ. అదొక కంప్యూటర్ ఆట. ఆడేవాళ్ళు అందులో రోడ్లు వేసుకుంటారు, ఇళ్ళు కడతారు, బస్సులు నడుపుతారు. ఆ వీధుల్ని మనుషులు తిరిగిన వీధుల్లా కనిపించేలా చేయడం కూతురి పని. ఆర్నెల్లు పని చూసి ఉంచుకుంటామన్నారు. ఆ ఆర్నెల్లూ ఈ వారంతో సరి. పోయిన వారం సారు చూసి, "బొమ్మల కొట్టు అద్దంలో పెట్టినట్టుంది. ఈ ఊళ్ళో ఎవరూ కాపురం ఉన్నట్టు లేదు," అని పెదవి విరిచాడట. శుక్రవారం నాలుగింటికి మళ్ళీ చూస్తాడు. ఈసారీ పెదవి విరిస్తే వీధులు వేరేవాళ్ళకిచ్చేస్తారు, పిల్ల ఇంట్లో కూర్చోవాలి. శుక్రవారమంటే ఆ వేళే.

అందుకని కూతురు నాలుగు రోజులుగా తిండీ నిద్రా మానేసి, కాగితాలు, ఆకులు, ఖాళీ సీసాలు, నలిగిన డబ్బాలు కలిపి నాలుగు వేల ముక్కలు ఊరంతా చల్లింది. ఎక్కడా ఎక్కువ తక్కువ లేదు. ఎరువు చల్లినా అంత సమానంగా పడదు. మేస్త్రమ్మ పెదవి చివర దాకా వచ్చిన మాట మింగేసింది. చదువుకున్న పిల్ల, తన పని తనకి తెలియదా అనుకుంది. రెండు నిమిషాలు అలాగే అనుకోగలిగింది కూడా.

మధ్యాహ్నం కూతురు కళ్ళు నులుముకుంటూ లేచింది. "అమ్మా, ఓ గంట పడుకుంటాను. మూడింటికి లేపు," అని మంచం మీద వాలి, దుప్పటి కప్పుకునేలోపే గురక తీసింది.

గదిలో కంప్యూటరూ మేస్త్రమ్మా మిగిలారు.

ఎలా నడపాలో ఆవిడకు తెలుసు. సరదాకి కూతురే నేర్పింది: ఇది నొక్కితే ముక్క చిక్కుతుంది, చుట్టూ గీత గీస్తే గుంపంతా చిక్కుతుంది, లాగితే జరుగుతుంది, అది నొక్కితే మాయమవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏం చేసినా చివర్లో 'సేవ్' నొక్కాలి. మేస్త్రమ్మ ఏదైనా నేర్చుకుంటే ఒళ్ళు దగ్గర పెట్టుకునే నేర్చుకుంటుంది.

ఒక్క ముక్క తీద్దామనుకుంది. సరిగ్గా రోడ్డు మధ్యలో, బస్సులు పోయేచోట, ఓ కాగితం కప్పు కదలకుండా కూర్చుని ఉంది. బస్సులు తిరిగే రోడ్డు మధ్యలో కప్పు ఎలా ఆగుతుందే పిచ్చిదానా, అని దాన్ని మాయం చేసింది. కానీ మనసొప్పలేదు. మాయం చేయడం ఊడ్చడం ఎలా అవుతుంది? అది దొంగపని. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క ఆకూ ఆవిడ కోసం మాయమవలేదు. రెండో ముక్కను పట్టుకుని, పద్ధతిగా వీధి చివరిదాకా లాగి, దీపస్తంభం మొదట్లో పెట్టింది. మూడోదాన్నీ అక్కడే. చూస్తుండగానే చిన్న కుప్ప తయారైంది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

ఇక ఎవరాపుతారు? పెద్ద రోడ్డు ఊడ్చింది. ఆగి ఉన్న కార్ల కిందకు చీపురు పోదు కాబట్టి అక్కడి ఆకులు ముట్టుకోలేదు. ఓ పెద్ద బంగళా కనిపిస్తే కచ్చితంగా కమీషనరుదే అని తీర్మానించి, గేటు ముందు ఒక్క పుల్ల లేకుండా చేసింది. ఆ చెత్తను పక్కింటి గోడ దాకా జరిపి అక్కడితో వదిలేసింది. ఉద్యోగంలో ఉన్నప్పుడూ అంతేగా! బడి గేటు దగ్గర చాక్లెట్ కాగితాలు కాలవ అంచున పోగేసింది. కాలవ మూతి దగ్గర ఆకులు తెచ్చి ఇరికించింది, అవి అక్కడ ఇరుక్కోకపోతే అది కాలవే కాదు. ఆస్పత్రి వెనక తొట్టెను పడదోసి సంచులు చెల్లాచెదురు చేసింది, కుక్కల తరఫున. వెనక సందును మాత్రం తాకలేదు. దాని వంతు రేపు.

ఏడు వీధులయ్యాయి. నడుం పట్టేసింది గానీ మొహం వెలిగిపోతోంది. చెప్పినట్టే బుద్ధిగా 'సేవ్' నొక్కింది. అప్పుడు గడియారం చూసింది. మూడుంపావు.

కూతురు లేచి, కుర్చీలో కూర్చుని, తెర చూసి నోరు తెరిచింది.

"అమ్మా... నా చెత్తేదీ?"

"ఊడ్చానే," అంది మేస్త్రమ్మ. అనగానే నాలుక కరుచుకుంది.

"సేవ్ చేశావా?"

"నువ్వే కదే చేయమన్నావు!"

కూతురు తల రెండు చేతులతో పట్టుకుంది. నాలుగు వేల ముక్కలు మళ్ళీ చల్లడానికి ఉన్నది నలభై నిమిషాలు. ఆ పిల్ల తిట్టినా బాగుండేది. తిట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కిటికీ వైపు తిరిగింది. సరదా అనుకుని చేసింది కాస్తా పిల్ల నోటి దగ్గర కూడు తీసేసిందని ఆవిడకు అప్పుడు తెలిసింది. తన చేతుల్ని తనే తిట్టుకుంది.

ఆ కాస్త టైములో ఏమీ కాదని కూతురు ఊరిని అలాగే వదిలేసింది. నాలుగయింది. తెరమీద సారు ప్రత్యక్షమయ్యాడు. చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్ డొప్పలు పెట్టుకుంటాడని మేస్త్రమ్మ అతనికి డొప్పల సారని పేరు పెట్టింది. ఆయన కనపడేముందే ఆవిడ తన కుర్చీని గోడవైపు, కెమెరాకు అందని చోటికి జరుపుకుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆవిడకది అలవాటే. కూతురి బడికి వెళ్ళినప్పుడల్లా మున్సిపాలిటీ కోటు గోడ చాటున విప్పి సంచిలో కుక్కుకునేది. 'మా అమ్మ మున్సిపాలిటీలో ఉద్యోగం' అని చెప్పాలి, అంతకుమించి చెప్పొద్దని పిల్లకు నేర్పింది ఆవిడే.

డొప్పల సారు ఊళ్ళోకి దిగాడు. పెద్ద రోడ్డు, బంగళా, బడి. ముందుకు పోతాడు, మళ్ళీ వెనక్కొస్తాడు. దీపస్తంభం కింద కుప్ప దగ్గర ఆగి ఒక చెవి మీది డొప్ప పక్కకు తోశాడు.

"ఇక్కడ... ఇప్పుడే ఎవరో పనిచేసి వెళ్ళినట్టుంది," అన్నాడు. "ఆ బంగళా చెత్త పక్కింటి గోడదాకా తెచ్చి వదిలేశారు చూశావా? మా వీధిలో అచ్చం ఇంతే! పోయిన వారం అంతా తళతళలాడింది, ఊరు రాలేదు. ఇప్పుడు చెత్తేసి ఊడ్చావు, ఊరొచ్చేసింది. సోమవారం వచ్చి కాగితాల మీద సంతకం పెట్టు. ఇంతకీ ఎలా చేశావు?"

కూతురు నోరు విప్పబోయి పక్కకు చూసింది. గోడ దగ్గరనుంచి మేస్త్రమ్మ కంగారుగా చెయ్యి అడ్డంగా ఊపుతోంది. 'నువ్వేనని చెప్పు, నువ్వేనని చెప్పు' అని పెదాలతోనే అంటోంది. కూతురు ఆ చెయ్యి వంక చూసింది. అలా చూస్తూనే కెమెరాను పట్టుకుని గోడవైపు తిప్పేసింది.

"మా అమ్మ చేసింది సార్. ముప్ఫై ఒక్క ఏళ్ళు వీధులు ఊడ్చింది."

మేస్త్రమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొంగు సర్దుకోవాలో పారిపోవాలో తోచలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఇందాకటినుంచి మనసులో నలుగుతున్నదే అడిగేసింది.

"కుప్పలైతే పెట్టాను బాబూ, ఎత్తేవాళ్ళేరండీ? ఊరంతా గాలించాను. పోలీసున్నాడు, డాక్టరున్నాడు, బుడగలు పట్టుకున్న పిల్లలున్నారు. ఊడ్చేమనిషి ఒక్కతీ లేదు. మరి ఇన్నాళ్ళూ ఆ ఊరు అంత శుభ్రంగా ఎలా ఉందంటారు?"

సారు ఊరి వంక మళ్ళీ చూశాడు. తల గోక్కున్నాడు. కాగితం, కలం దగ్గరకు లాక్కున్నాడు.

"నిజమేనమ్మా. మాకెవరికీ తట్టలేదు. పెడదాం. ఎలా ఉండాలో మీరే చెప్పండి."

"నాలాగే ఉంటుంది, ఏముంది!" అని నవ్వేసింది మేస్త్రమ్మ. నవ్వు ఆగాక మెల్లగా అంది. "మాకు పొట్టి చీపుళ్ళే ఇచ్చారు బాబూ. ఎన్నిసార్లు అడిగినా అంతే. ఆవిడకు పొడుగు కర్రది ఇవ్వండి."

"ఎంత పొడుగు?"

మేస్త్రమ్మ కుర్చీలోంచి లేచింది. నిటారుగా నిలబడబోయింది, వంగిన నడుం రానివ్వలేదు. కూతురు వచ్చి పక్కన నిలబడి తల్లి చేతిని పట్టుకుంది. మేస్త్రమ్మ ఆ పిల్ల తిన్నని వీపు చూసి, రెండో చేత్తో ఆమె గడ్డం దగ్గర కొలత పెట్టింది.

"ఇదిగో, ఇక్కడికి రావాలి."