చూడకుండా చేరిన బబులోను

నాకు ముక్కుమీద కోపం. మా ప్రెస్సులో ఆ సంగతి గోడలకి కూడా తెలుసు. అలాంటి నాతో ఒకే బల్ల దగ్గర పదకొండేళ్ళు పొసగిన మనిషి ఒక్కతే, మా అక్క. రక్తసంబంధం ఏమీ లేదు. ప్రెస్సులో అందరూ ఆమెని అక్క అనే పిలుస్తారు, ఆమెకన్నా రెండేళ్ళు పెద్దవాడైన మేనేజరుతో సహా.

మాది చూపులేనివాళ్ళ కోసం బ్రెయిలు పుస్తకాలు వేసే ప్రెస్సు. దళసరి కాగితం మీద చుక్కలు ఉబికి ఉంటాయి, వాటిని వేలితో తడిమి చదువుకోవాలి. అక్కకి పుట్టుకతోనే చూపు లేదు. ప్రూఫు కాగితం మీద వేలు నడుపుతూ ఆమె పైకి చదువుతుంది. ఎదురుగా నేను మామూలు అచ్చు పుస్తకం పెట్టుకుని వింటూ చూసుకుంటాను. ఆమె నోట వచ్చిందీ నా కంటికి కనిపించిందీ ఒకటైతే ఆ పేజీ సరే. అప్పుడు అక్క కాగితాన్ని తిప్పి, కింది మూలన ఇనప సూదితో మూడు చుక్కలు పొడుస్తుంది. అది ఆమె సంతకం. ఆ చుక్కలు పడ్డ పేజీని ఇక ఎవరూ తిరిగి చూడరు, నేరుగా మిషను మీదికి పోవడమే.

చదివే వేలిని అక్క కంటికి రెప్పలా కాచుకునేది. కూర తరిగేది కాదు, వేడి గిన్నె ముట్టేది కాదు. షుగరు పరీక్షకి ఎడమచేతి చిటికెనవేలే ఇచ్చేది. ఒకసారి నర్సు పొరపాటున కుడి చూపుడువేలు పట్టుకుంటే ఆస్పత్రంతా వినపడేలా కసిరింది. "చక్కెరంతా నీ రక్తంలోకే పోయిందక్కా, నోట్లోకి చిటికెడు కూడా రాలేదు," అన్నాను నేను. "నీకు రెండుచోట్లా లేదు కదే," అని నవ్వింది.

గొడవంతా ఒక ఉత్తరంతో మొదలైంది. రాసినాయన ఏదో అంధుల బడిలో మాస్టారు. అంతకు ముందు ఏడాది మేం బైబిల్లో యిర్మీయా గ్రంథం వేశాం. అందులో బబులోను రాజు చెరపట్టి తీసుకుపోయిన జనానికి ఆ ప్రవక్త ఒక ఉత్తరం పంపుతాడు. ఏడుస్తూ కూర్చోకండి, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని ఎత్తుకెళ్ళిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థన చెయ్యండి అని. మా పుస్తకంలో అక్కడ పై లైన్లే రెండోసారి పడి, కిందివి ఏడు లైన్లు ఎగిరిపోయాయి. "మీ పుస్తకంలో జనం ఇళ్ళు కట్టుకున్నారు, మళ్ళీ కట్టుకున్నారు, తోట మాత్రం ఒక్కడూ నాటలేదు," అని మాస్టారు వేళాకోళంగానే రాశాడు.

మేనేజరు నవ్వలేదు. నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు.

"ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న మనిషి. నాకు మాత్రం ఇష్టమా? కానీ ఇంకొక్క పుస్తకంలో ఇలా వచ్చిందంటే అక్కని ఇంటికి పంపించక తప్పదు. ఆవిడకి నువ్వే నెమ్మదిగా చెప్పు," అన్నాడు.

ఇంటికట! ఏ ఇంటికి? ఒక అద్దె గది, ఒక రేడియో. అక్కకి చదువు తప్ప ఇంకో లోకం లేదు. తాకి చదివే ప్రతి కొత్త పుస్తకమూ ఈ బల్ల మీదే ఆమె చేతికి వచ్చేది. నేను తిన్నగా మిషను దగ్గరికి వెళ్ళి, మిషనాయన మీద విరుచుకుపడ్డాను. ఆ పేజీని అక్క పైకి చదువుతుంటే నేను అక్షరం అక్షరం చూశాను, ఒక్క ముక్క తప్పిపోలేదు, పాడు చేసింది నువ్వూ నీ డొక్కు మిషనూ అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. మూడు చుక్కలు పడ్డ ప్రూఫు ఇదిగో, దాచిపెట్టాను. తప్పు ఇందులోనే ఉంది. తడిమించుకో వెళ్ళి," అన్నాడాయన.

ఆ కాగితం నేను తీసుకోలేదు. పిల్లికి ఎలుక సాక్ష్యమా అని తిట్టి వచ్చేశాను. నెల్లాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఉత్తరం సంగతి అక్కకి చెప్పి తప్పు మిషనుదేనన్నాను, మేనేజరు అన్న మాట మాత్రం దాచాను.

అంతలో బబులోను పుస్తకం వచ్చింది. రిటైరైన పాస్టరుగారొకాయన రాశాడు. బైబిలు మొదట్లో ఆకాశానికి అంటుకోవాలని కట్టిన గోపురం దగ్గర్నుంచి, చివర్లో సముద్రంలో విసిరేసిన తిరగటిరాయిలా బబులోను మునిగిపోయేదాకా, ఆ సామ్రాజ్యం ఎక్కడెక్కడ వస్తుంది, దాని అర్థం ఏమిటి అని రెండొందల పేజీలు. బబులోను అంటే ఒక ఊరు కాదు, దేవుడికి ఎదురు తిరిగిన ప్రతి గర్వానికీ అదే పేరు అంటాడాయన.

మొదటి రోజే అక్క ముఖం చిట్లించింది. "ఈయన రాత గులకరాళ్ళ మీద నడిచినట్టుందే. ఈసారి నువ్వు పైకి చదువు, నేను వేలితో చూసుకుంటూ వస్తాను. తేడా ఉంటే ఆపుతా."

మా పద్ధతికి అది తలకిందులు. అయినా నాకు అనుమానం రాలేదు. అక్క మాట మీద నాకున్న నమ్మకం అలాంటిది. పైగా ఆ రోజులు హాయిగా గడిచాయి కూడా. నేను చదవడం, అక్క పాస్టరుగారితో పోట్లాడడం.

"ఈయన బబులోనుని ఒక్క పేజీలోనైనా క్షమించడేమే?" అంది ఒకరోజు. "నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న హాస్టల్లో దింపి, నీళ్ళు తాగొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. నెల్లాళ్ళు గొంతు పోయేలా ఏడ్చాను. అదీ నా బబులోను. నా చేతికింద మొట్టమొదటి కాగితం పెట్టింది కూడా అక్కడే కదా! బైబిల్లో ఆ కుర్రాడు దానియేలుని బబులోనుకి ఎత్తుకెళ్ళినవాళ్ళే కూర్చోబెట్టి చదువు చెప్పించారు. ఆ ముక్క రాయడేం ఈయన?"

"నువ్వే ఉత్తరం రాసి దులిపెయ్యి."

"రాస్తా. ప్రూఫు అయిపోనీ. ఆయన సంగతి అప్పుడు చెప్తా."

ఎనభై మూడో పేజీలో బబులోను రాజుకి కలలో కనపడ్డ విగ్రహం గురించి చదువుతున్నాను. బంగారు తల అంటే బబులోను, ఆ తర్వాత వచ్చే రాజ్యాలు వెండి, ఇత్తడి, ఇనుము. టీ తాగుతూ చదువుతున్నానేమో, కన్ను జారి రెండు లైన్లు మింగేశాను. వెండి రొమ్ము లేకుండానే ఇత్తడి పొట్ట దగ్గరికి వెళ్ళిపోయాను. వాక్యం పూర్తయ్యాక గానీ నాకు తెలియలేదు. అక్క ఆపుతుందని తలెత్తి చూశాను.

"ఊఁ, తర్వాత?" అంది అక్క.

కామా ఒకటి పక్కకి పోయినా బల్ల చరిచే మనిషి! మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ రెండు లైన్లూ చదివాను. అక్క దానికీ ఊఁ అంది. కాగితం తిప్పి మూడు చుక్కలు పొడిచింది.

ఆ సాయంత్రం యిర్మీయా పుస్తకం సంగతి గుర్తొచ్చింది. ప్రవక్త ఉత్తరం అక్కకి చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. ఆ ఒక్కటే కాదు, మేం వేసిన బైబిలు భాగాల్లో చాలామటుకు వచ్చు. ఆ రోజు ఆమె చదివింది కాగితాన్ని కాదు, గుండెలో ఉన్నదాన్ని. నా చేతిలోని పుస్తకంతో అది ఎందుకు సరిపోదు? నేనేమో మిషనాయన్ని నానా మాటలూ అన్నాను.

మర్నాడు పొద్దున్న అక్కని అడిగితే సరిపోయేది. అక్కా, వేలికి తెలుస్తోందా అని ఒక్క మాట. అడగలేకపోయాను. నా అనుమానం తప్పని తేలితే బాగుండునని, దేవుడా నాదే తప్పయితే చాలునని, దొంగలా ఒక పని చేశాను. ఆ పని చేసినందుకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు. ఎనభై ఆరో పేజీ ప్రూఫు తీసి సొరుగులో పెట్టి, దాని చోట చుక్కలు వెయ్యని ఖాళీ కాగితం పెట్టాను.

అక్క వచ్చింది. కుర్చీ లాక్కుని, వేళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకుని, కాగితం మీద పెట్టింది. నేను చదవడం మొదలుపెట్టాను.

ఆ పేజీ సిద్కియా రాజు కథ. బబులోను సైన్యం కోట పగలగొడితే అతను పారిపోతూ దొరికిపోయాడు. అతని కళ్ళముందే కొడుకుల్ని చంపారు. ఆ తర్వాత అతని కళ్ళు ఊడదీశారు. సంకెళ్ళు వేసి బబులోనుకి నడిపించారు. ఆ ఊరికి అతను చేరతాడు గానీ దాన్ని చూడడని ఇంకో ప్రవక్త ముందే చెప్పి ఉన్నాడట. అదెలా సాధ్యమని అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదట.

అక్క వేలు ఎడమనుంచి కుడికి పోయేది, కాస్త కిందికి దిగి మళ్ళీ ఎడమకి వచ్చేది. లైను తప్పకుండా, తొందర లేకుండా. ఎక్కడైనా ఆగుతుందని చదువుతూనే ఎదురుచూశాను. ఆగక్కా, ఒక్కసారి ఆగు, ఇదేం కాగితమే అని నా నెత్తిన ఒకటి మొట్టు అనుకున్నాను. పేజీ అయిపోయింది.

"పాపం రాజు," అంది అక్క. "సరే, ఇందులో తప్పుల్లేవు."

కాగితం తిప్పి, సూది తీసి, మూలన మూడు చుక్కలు పొడిచింది.

నేను భోరుమన్నాను. ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"ఏమైందే? ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని నా వైపు చెయ్యి చాచింది. నేను ఆ చెయ్యి పట్టుకోలేకపోయాను. అక్క ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంచి కాసేపు విన్నది. తర్వాత నెమ్మదిగా కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి పై పెదవికి ఆనించుకుంది. పై అంచునుంచి కిందిదాకా, వరసగా, పెదవి మీద జరుపుకుంటూ వచ్చింది. కింది మూల దగ్గర ఆగింది. ఆ కాగితం మొత్తానికి ఉన్నవి ఆ మూడు చుక్కలే.

"క్షమించక్కా," అన్నాను.

"నువ్వెందుకు ఏడుస్తావు? ఏడవాల్సింది నేను," అంది. కాగితాన్ని బల్ల మీద పెట్టి రెండు చేతులతో సాపు చేసింది. "రెండేళ్ళు కావొస్తోందే. మొదట మొద్దుబారినట్టుండేది. చలికేమోలే అనుకున్నా. షుగరు నరాల్ని తినేసిందన్నాడు డాక్టరు. ఎడమచేతి వేళ్ళు చూసుకున్నా, అన్నిటిదీ అదే వరస. తెలిసినవైతే నోటికొచ్చేవి కదా, గడిచిపోయింది. ఈయన పుస్తకం వచ్చినరోజు ఒక్క లైను, ఒక్కటంటే ఒక్క లైను అందుతుందేమోనని ఎంత తడిమానో. నీకు గులకరాళ్ళని చెప్పాను గానీ, నా వేలికింద నున్నటి గోడ."

"నాకు చెప్పొచ్చు కదక్కా."

"చెప్తే నిజమైపోతుంది కదే."

మేనేజరుని పిలుచుకు రమ్మంది. నేను వద్దన్నాను, నేనే చూసుకుంటాను, ఎవరికీ తెలియదన్నాను. "తప్పుల పుస్తకాన్ని ఇంకో గుడ్డిపిల్ల చేతిలో పెడతావా?" అని నన్ను గట్టిగా తిట్టింది. ఆయన వచ్చాక లేచి నిలబడి, ఎనభై ఆరు పేజీలూ వేరేవాళ్ళతో మొదట్నుంచీ చదివించండి, నా చుక్కల్ని నమ్మకండి అని చెప్పింది. యిర్మీయా పుస్తకంలో తప్పు కూడా తనదేనంది. మిషను ఆపించి, మిషనాయన్ని పిలిపించి, నా తరఫున కూడా తనే క్షమాపణ అడిగింది. ఆయన తల దించుకుని చేతి మసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. మేనేజరు బల్ల మీది ప్రూఫుల కట్ట తనే ఎత్తుకున్నాడు.

మధ్యాహ్నం నేనే ఆమెని బస్సు స్టాపుదాకా తీసుకువెళ్ళాను. పదకొండేళ్ళలో నా భుజం పట్టుకుని నడవడం అదే మొదటిసారి. ఎప్పుడూ కర్ర తాటించుకుంటూ నాకన్నా ముందే నడిచేది. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. రోజూ సాయంత్రం వచ్చి చదివి వినిపిస్తానక్కా, నీకు ఏ పుస్తకం కావాలంటే ఆ పుస్తకం అన్నాను.

"వింటాలే, కానీ వినడం వేరు, వేలితో చదువుకోవడం వేరు కదే," అంది. "ఆ సిద్కియా నయం."

"అదేం మాటక్కా!"

"కొడుకుల్ని చూశాడు. ఘోరమే. కానీ చిట్టచివర తన కళ్ళు ఏం చూశాయో వాడికి తెలుసు. నాకు అది కూడా లేదే. రోజుకి కాస్త, రోజుకి కాస్త పోయింది. ఏదో ఒక పేజీలో, ఏదో ఒక లైనులో, నా వేలికి అందిన ఆఖరి అక్షరం ఒకటి ఉండే ఉంటుంది. అదే ఆఖరిదని తెలీక దాటుకుని వెళ్ళిపోయాను. తెలిసుంటే దాని మీద కాసేపు ఆగేదాన్ని."