మల్లేశ్వరుడి వత్తులు

సముద్రాలు దాటి వచ్చే అమెరికా పత్తి తన చేలో పత్తికన్నా చౌకగా ఎలా దిగుతుందన్న సందేహం కోటిలింగానికి ఏళ్ళుగా ఉంది. ఈ ఏడు దిగుమతి సుంకం కూడా ఎత్తేశారని జిన్నింగు మిల్లులో విని, కడుపు మండి ఇంటికొచ్చాడు.

“అక్కడ ధర పడిపోతే రైతు నష్టం సర్కారే పూడుస్తుందంట. పెట్టి పుట్టారు.”

“వాళ్ళమీద ఏడుస్తూ కూర్చో. తొలి తీత పత్తి పెదకాకాని మల్లేశ్వరుడికి వత్తులకిస్తానని మొక్కావు. గిట్టుబాటైన ఏడు చూద్దామంటూ ఎన్నేళ్ళు జరుపుతావయ్యా?” అంది భార్య సుబ్బరావమ్మ.

“ఆయన మాత్రం నన్ను చూశాడా?”

“సరే, ఇవ్వమాక. ఆ చౌక పత్తి గుడిదాకా కూడా వచ్చిద్ది. స్వామి ముందు అదే వెలుగుద్ది.”

ఆ ఒక్కటి మాత్రం కోటిలింగం ఓర్చుకోలేకపోయాడు. సోమవారం పొద్దున్నే, తొలి తీతలోంచి తెల్లటి దూది ఏరి, కండువాలో మూటగట్టుకుని వెళ్ళి, పూజారి చేతిలో పెట్టి మొక్కు తీర్చుకున్నాడు.