ఇంజనుకి గాలి పట్టింది

సుశీల్ కుమార్‌ని భయపెట్టగల దయ్యం అయ్యే మనిషి అల్లూరు మండలంలో ఇంకా పుట్టి, పెరిగి, చావాల్సి ఉంది. ఈ మాట టీ బంకు దగ్గర పదిమందిలో అతనే చెప్పాడు. ఆ సాయంత్రమే చేలో ఇంజను కొట్టం పక్కగా వస్తుంటే, పొగగొట్టం మీద బోర్లించిన పాలడబ్బా టంగుమంది. సుశీల్ ఒక్క దూకులో మూడు మళ్లు దాటి నాలుగో మడిలో దిగాడు. ఒక చెప్పు ఇప్పటికీ దొరకలేదు. సముద్రంలో పడి ఉంటుందని అతని అంచనా.

చేనుకి నీళ్లు తోడే ఆ డీజిలు ఇంజను అతని తాత తిమోతిది. కరెంటు మోటారు వచ్చాక మూలపడింది. రెండేళ్ల కింద తాతా పోయాడు. ఉప్పుగాలి దాన్ని తీరుబడిగా తింటోంది. అవ్వ ఎలిశబెతుకి ఉన్నట్టుండి దాన్ని బాగుచేయించాలని బుద్ధి పుట్టింది. హజరత్తయ్య మేస్త్రీ వచ్చి, హ్యాండిలు తిప్పి తిప్పి, ఆయాసపడుతూ చెప్పాడు.

"గాలి పట్టుకోనుండాదమ్మా. అది పోతేగానీ ఇది పలకదు."

డీజిలు గొట్టంలో గాలి చేరిందని మేస్త్రీ మాట. అవ్వ మాత్రం దయ్యం గాలి అనుకుంది.

"ఎవురిదయ్యా గాలి?"

ఇంజన్ల పక్కన బతికి మేస్త్రీ చెవులు సగం పోయాయి; 'ఎప్పటిది' అని విన్నాడు. "పాతదేనమ్మా. లోపల్నే ఉండిపోయినాది," అన్నాడు.

సుశీల్ అక్కడే ఉన్నాడు. ఒక్క మాటతో తేల్చేయొచ్చు. తేల్చలేదు. పైగా తాత ఎప్పుడో పంపిన వాయిస్ మెసేజిలోంచి ఒక దగ్గు కత్తిరించి, అరచేతిలో పట్టే స్పీకరు ఇంజను కింద దూర్చి, సాయంత్రం అవ్వ అటు వచ్చినప్పుడు వినిపించాడు. ఆమె కెవ్వుమని పరిగెత్తాలి, తాను పడీ పడీ నవ్వి నిజం చెప్పెయ్యాలి. అదీ పథకం.

అవ్వ పరిగెత్తలేదు. లోపలికి వెళ్లి ఇంజను పక్కన కూలబడింది.

"చలిగాలిలో తిరగొద్దంటే వింటివా?" అంది దాంతో.

ఆ తర్వాత నిజం చెప్పడానికి సుశీల్‌కి నోరు రాలేదు. అవ్వ రోజూ సందెవేళ కాఫీ గ్లాసుతో కొట్టానికి పోయేది. కొబ్బరి పీచుతో తుప్పు రుద్దుతూ ఊరి సంగతులన్నీ చెప్పేది. మధ్యలో ఆగి, చెవి ఒగ్గి, ఏదో విన్నట్టు నవ్వేది. ఆమె అలా ఆగినప్పుడల్లా సుశీల్ ఒళ్లు జలదరించేది. స్పీకరు అతని జేబులోనే ఉండేది మరి. చనిపోయినవాళ్లు తిరిగిరారమ్మా అని పాస్టరు చెప్పి చూశాడు. "మీకు ఇంజన్ల సంగతి తెలవదులే అయ్యగారూ," అంది అవ్వ.

గాలి తీద్దామని విప్పితే లోపలంతా తుప్పు. పిస్టను పోయింది, లైనరు పోయింది, కొత్తవి కోయంబత్తూరులో పోత పోయించాలన్నాడు మేస్త్రీ. తాత ఇంజను కొన్న ధరకి ఇప్పుడు దాని నట్లు కూడా రావు. అవ్వ బేరమాడలేదు. ముందు చెవి కమ్మలు పోయాయి. తర్వాత పాడిగేదె. ఇంజను మాత్రం పేగులన్నీ బయటపెట్టుకుని గోనెపట్టా మీద పడుకుని ఇంకా అడుగుతూనే ఉంది. చివరికి మిగిలింది చేను. మూడువైపులా రొయ్యల గుంటలే. ఉప్పునీళ్లు పెడితే ఇక ఆ మట్టిలో వరి మొలవదని చిన్నపిల్లలకీ తెలుసు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం రొయ్యల నరేంద్రబాబు కౌలు కాగితాలతో వచ్చాడు.

"ఈడ సంతకం పెట్టమ్మా."

"ఉండు నాయనా, ఆయన్ని ఒక మాట అడగనీ." అవ్వ కొట్టంలోకి తిరిగింది. "ఏమయ్యా, చేను ఇచ్చేస్తుండా. ఇచ్చేదా, వద్దా?"

స్పీకరు పొద్దున్నే మళ్లీ ఇంజను కింద దూర్చి, సుశీల్ ఫోనుతో కొట్టం వెనక నక్కి ఉన్నాడు. తాత మెసేజిలన్నిట్లో 'వద్దు' ఉన్నది ఒక్కటే. నొక్కాడు.

విప్పిన ఇనుములోంచి బొంగురు గొంతు పలికింది. "వద్దు... వద్దురా."

నరేంద్రబాబు లేచాడు. తను మోటారు సైకిలు మీద వచ్చిన సంగతి అతనికి మెయిన్ రోడ్డు చేరాకగానీ గుర్తు రాలేదు.

అవ్వ కదల్లేదు.

"నలభై ఏండ్లు కాపురం చేసినా. ఆ మనిషి నన్ను 'మే' అన్నాడేగానీ 'రా' అని ఏనాడూ అన్లా. ఆయన 'రా' అనేది ఈ ఇంట్లో ఒక్కడినే." తల తిప్పకుండానే పిలిచింది. "బయటికి రారా, సుశీలా."

వచ్చాడు. ఫోను ఆమె ముందు పెట్టాడు.

"దగ్గు కూడా నేనేనవ్వా. తాత మెసేజిలోది. మేస్త్రీ చెప్పింది డీజిలు గొట్టంలో గాలి, తాత గాలి కాదు. కమ్మలు అమ్మినప్పుడే చెప్దామనుకున్యా. భయమేసింది. గేదెని తోలుకపోయినప్పుడు ఇంకా భయమేసింది."

అవ్వ ఫోనుని పక్కకి జరిపింది.

"మొన్న బుధవారం నువ్వు నెల్లూరు పోయినావే, ఆ పొద్దు?"

"ఏందవ్వా?"

"'ఎలీ, గట్టు తెగినాది, పోయి చూడు మే' అని పిలిచినాడు. పోయి చూస్తే నిజంగానే తెగుండాది. అది ఇన్నాకనే, చేను పోయినా సరే ఈ ఇంజను పలికించాల్సిందే అనుకున్యా." ఆమె అతని వైపు తిరిగింది. "అదీ నువ్వేనంట్రా?"

బుధవారం ఫోనూ స్పీకరూ రెండూ సుశీల్ జేబులోనే నెల్లూరు బస్సు ఎక్కాయి. 'ఎలీ' అన్న పిలుపు తాత మెసేజిల్లో ఒక్కచోటా లేదు.

కాదంటే, ఇంజను కోసం రేపు నరేంద్రబాబుకి మళ్లీ కబురు వెళ్తుంది.

సుశీల్ కొట్టం వైపు చూడలేదు. అవ్వ కళ్లలోకే చూస్తూ అన్నాడు.

"అదీ నేనేనవ్వా."