పిట్టకాడ సంగమేశ్ అన్న మాట

గుండెబరువుకు సినిమా మందని ఎవరైనా అంటారా? కౌన్సెలింగ్ చేసే హేబ్సిబా మేడమ్ అంది. బీదర్‌లో ఆమె దగ్గరికి ఏడుపు మోసుకుని వచ్చేవాళ్ళకు కాసేపు సినిమా చూపిస్తుంది, మధ్యలో ఆపుతుంది, ఏమనిపించిందో అడుగుతుంది. మహాదేవికి మొదట ఒళ్ళు మండింది. "నా బతుకే పెద్ద సినిమా, ఇంకోటెందుకమ్మా?" అంది. అయినా మూడు బుధవారాలుగా వస్తూనే ఉంది. రాక ఏం చేస్తుంది? ఇంట్లో పలకరించడానికి కుట్టుమిషను తప్ప ఎవరున్నారు గనక!

తల్లి పోయాక జాకెట్లు కుట్టి ఇద్దరు తమ్ముళ్ళను పెంచింది. ఆ హడావుడిలో తన పెళ్ళి సంగతే మరిచిపోయింది. పెద్ద తమ్ముడు సంగమేశ్ సంతపూర్‌లో సేద్యం చేసుకుంటాడు. చిన్నవాడు సంజు ఆమె దగ్గరే ఉండేవాడు. వాడికి ఫిట్స్. రోజూ గోలీ వేసుకోవాలి, బండి ముట్టకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. రెండేళ్ళ కింద రెండు రోజులు ఉండొస్తానని అన్న దగ్గరికి వెళ్ళిన సంజు, అక్కడ ఫిట్స్ వచ్చి బండి మీంచి పడి చనిపోయాడు.

మూడోరోజు పిట్టకు కూడు పెట్టారు. సంజుకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. కాకి వచ్చింది, గోడమీద కూర్చుంది. ముట్టలేదు. పోయినవాడికి ఇంకా ఏదో కొరత ఉందన్నమాట. పెద్దవాళ్ళు తలా ఒక మాట ఇచ్చారు. "నీ అన్నను మంచిగ సూస్కుంట తమ్మీ" అని మహాదేవి మొక్కింది. ఊహూ. చివరికి సంగమేశ్ విస్తరి దగ్గర గొంతుక్కూర్చుని, వంగి, గొణిగినట్టు ఏదో అన్నాడు. అతడు ఇటు జరిగాడో లేదో, కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది.

వెనకాల ఆడవాళ్ళలో ఉన్న మహాదేవికి ఆ మాట వినబడలేదు. వినబడాలా? ఆమెకు తెలుసు. గోలీలు అయిపోయాయని సంజు ముందే చెప్పాడు. పెళ్ళిళ్ళ జాకెట్లు నెత్తిమీదున్నాయి. "రేపు తెస్త" అంది, తేలేదు. ఆ సంగతి సంజు అన్నకు చెప్పే ఉంటాడు. అదే సంగమేశ్ విస్తరి దగ్గర అన్నాడు, చచ్చినవాడు ఔనన్నాడు. ఆ రోజు నుంచి ఆమె తమ్ముడికి ఫోన్ చేయలేదు. అతడూ చేయలేదు.

ఈ బుధవారం సినిమాలో ఒక అన్న, ఒక చెల్లెలు. తండ్రిని సాగనంపి వచ్చి అరుగుమీద కూర్చున్నారు. అన్న ఏదో అంటున్నాడు. మేడమ్ గొంతు నొక్కేసినట్టు సినిమా శబ్దం తీసేసింది.

"ఆయన ఏమంటుండు మహాదేవమ్మా? నువ్వు చెప్పు."

మహాదేవి తడుముకోలేదు. "నువ్వు గోలీలు తేలే, అందుకే సచ్చిండు అంటుండు."

"ఈ సినిమాల గోలీలు లేవమ్మా" అంది మేడమ్ మెల్లగా. వెనక్కి జరిపి శబ్దం పెట్టింది. ఆ అన్న చెల్లెల్ని అడుగుతున్నాడు, పొద్దున బస్సు ఎన్నింటికని.

మహాదేవి కొంగు నోట్లో కుక్కుకుంది. అడగకుండా రెండేళ్ళు తమ్ముడి నోట్లో మాటలు పెట్టింది తనే కదా! లేచి వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"అక్కా?" అన్నాడు సంగమేశ్.

"పిట్టకాడ తమ్మునితోని ఏమన్నవ్ రా ఆనాడు?"

"'బండి తాళం నేనే ఇచ్చిన తమ్మీ, అక్కకు చెప్పకు' అన్న. గంతే. కాకి ముట్టింది. ఇగ నీ ముందలికి ఏ మొఖం పెట్టుకొని రావాలె అక్కా?"

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం మహాదేవికి ప్రాణం లేచొచ్చింది. తప్పు వీడిదే! అక్కడితో ఫోన్ పెట్టేస్తే బతికినన్నాళ్ళూ నిశ్చింత. కానీ అవతల వాడు ఏడుస్తున్నాడు, చిన్నప్పుడు ఏడ్చినట్టే, ముక్కు ఎగబీలుస్తూ.

"వాని గోలీలు అయిపోయినయి సంగా. రేపు తెస్త అన్న. నేను తేలే."

ఏడుపు ఆగింది.

"పెద్దలకు పెట్టే పెత్రమాసకు వస్త అక్కా" అన్నాడు చివరికి. "వానికి ఇద్దరం కలిసి పెడదాం."

"రా. ఈసారి గట్టిగ చెప్పు సంగా. నేను గూడ గట్టిగనే చెప్త."