ఆకర్షణ పద్దెనిమిది

మూడు ఆదివారాలుగా మధ్యాహ్నం పూట ముందుగదిలో ఒక రాజ్యం నడుస్తోంది. రాజధాని భోజనాల బల్ల, జనాభా నలుగురు. పక్కగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, స్కూలు యూనిఫారాలకు జేబులు కుడుతూ, తల్లి ఆ రాజ్యానికి కాపలా కాస్తోంది. కాయమని ఎవరూ అడగలేదు. అడిగించుకుని కాపలా కాసే మనిషి కాదావిడ.

మొదటివారం పాచికలు చూసి జూదమనుకుని గుండె పట్టుకుంది. రెండోవారం భూతాలూ రాక్షసులూ అన్న మాటలు విని కూతురికి ఏ గాలో సోకుతుందని హడలిపోయింది. అసలు సంగతి తెలిశాక ఆ రెండూ నయమనిపించాయి. తలా ఒక వేషం వేసుకుని కథ అల్లే ఈ ఆటంతా మాటల మీద నడుస్తుందట. కూతురికి నత్తి.

ఇరవై ఆరేళ్ల పిల్ల. నోటితో పని ఉండదని ఏరికోరి తల్లే గ్రంథాలయంలో పుస్తకాలకు నంబర్లు అంటించే ఉద్యోగం చూసిపెట్టింది. బస్సులో, బజారులో, డాక్టరు దగ్గర కూతురి మాట సగంలో ఆగితే తల్లి అందుకుని పూర్తి చేస్తుంది. ఒక్కోసారి కూతురు మొదలుపెట్టని మాటను కూడా పూర్తి చేసేస్తుంది. అలాంటి పిల్ల ఏరికోరి రాయబారి వేషం కట్టింది.

వేషానికో కాగితం, దాని మీద మార్కులు. బలం ఆరు, ఆరోగ్యం ఏడు, ఆకర్షణ పద్దెనిమిది. ఆకర్షణంటే ఎదుటివాళ్లను మాటతో కట్టిపడేసే శక్తట. తల్లి ఆ కాగితం చూసి రెండురోజులు తిండి మానినంత పనిచేసింది. ఆ పద్దెనిమిదిలోంచి ఓ నాలుగు తీసి ఆరోగ్యంలో వేసుకోమనీ, ఏడుతో ఎన్నాళ్లు బతుకుతావనీ బతిమాలింది. కూతురు వినలేదు.

కథ నడిపేది మందుల షాపాయన. కొండ మీది కోట, కోటలో రాణి, వాకిట్లో భటుడు, అందరూ ఆయనే. లెక్కల టీచరు వేషం పోయినవారమే రాణిగారి చెరసాలలో పడింది కాబట్టి, ఆయన చెంపన చెయ్యి పెట్టుకుని బిస్కట్లు తినడం తప్ప చేసేదేమీ లేదు. నాలుగో ఆయన బీమా ఏజెంటు. ఆయనది గొడ్డలి పట్టిన మొరటు రాక్షసుడి వేషం, ఆకర్షణ నాలుగు. మొహం చూస్తే పసిపిల్లలు జడుసుకోవాలి. కానీ నోరు మాత్రం బీమా ఏజెంటుది. భటుడూ, పూజారీ, వంతెన కింది భూతమూ ఆ రాక్షసుడి మాటలకు కరిగి నీరైపోతున్నారు. ఇంకో వారం ఆగితే ఆ రాజ్యంలో ప్రతివాడి చేతా పాలసీ కట్టించేలా ఉన్నాడు.

ఆ రోజు టీచరును విడిపించాలి. రాయబారి రాణి ముందు నిలబడింది. కూతురు "మ... మ... మహా..." అని ఆగింది. మందుల షాపాయన కాసేపు చూసి, రాణిగారికి విసుగొచ్చి మొహం తిప్పుకున్నారని చెప్పాడు. వెంటనే ఏజెంటు అందుకున్నాడు. రాణి చిరునవ్వు నవ్విందట. ఎందుకు నవ్వదు.

మందుల షాపాయన మంచివాడే, ఆ మంచితనంతోనే మెల్లగా అన్నాడు. "మీరిద్దరూ కాగితాలు మార్చుకోండమ్మా. మీకు గొడ్డలి ఇస్తాను, మాట్లాడే బాధ ఉండదు."

కూతురు తన రాయబారి కాగితాన్ని బల్ల మీద ఏజెంటు వైపు జరపసాగింది. రెండేళ్లలో ఆ పిల్ల తనంతట తాను వెళ్లి కలుపుకున్న స్నేహాలు ఇవే. ఆ కాగితం అటు వెళ్తే వచ్చే ఆదివారం ఏదో తలనొప్పి వస్తుందనీ, ఆ పై ఆదివారం అడిగేవాళ్లే ఉండరనీ తల్లికి తెలుసు. మిషను ఆగింది. మెడలో టేపుతోనే ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్క మాట బాబూ. పోయినవారం ఏజెంటుగారు పాచిక వేసి గొడ్డలితో ఇనప తలుపు బద్దలు కొట్టారు కదా. నా మిషను ఒక కొస పట్టమంటే నడుం నొప్పన్న మనిషి. మరి ఆయన్ని మా బీరువా ఎత్తి చూపించమన్నావా?"

టీచరు బిస్కటు నమలడం ఆపాడు. ఏజెంటుకు అర్జంటుగా ఫోను చూసుకునే పని పడింది.

బలం వేరనీ, మాట వేరనీ, అంతా పాచికలే మాట్లాడితే మనమెందుకు కూర్చున్నట్టనీ మందుల షాపాయన అన్నాడు. అబద్ధం కాదు. తల్లి మాత్రం, అయితే ఆ పద్దెనిమిది ఎందుకు రాయించావు, గోడకు వేలాడదీసుకోవడానికా అని అడిగింది. ఆయన దండం పెట్టి, సరే, అమ్మాయి బదులు మీరే చెప్పండి, ఆమె మార్కులతోనే చూస్తానన్నాడు.

ఇంతకంటే ఏం కావాలి. తల్లి గొంతు సవరించుకుంది. మహాతల్లీ, మావాడు తెలియక చేశాడు, అసలే చలికి తట్టుకోలేడు, ఆ చెరసాలలో చెమ్మ ఉంటుంది, దగ్గొస్తే ఎవరు చూస్తారు అంటూ రాణికి సర్దిచెప్పసాగింది. పాపం, ఇంకో రెండు నిమిషాలు సాగనిస్తే రాణి ఆస్పత్రి కట్టించేదే.

"అ... అమ్మా." కూతురు కాగితం వెనక్కి లాక్కుంది. "ఆ పద్... పద్దెనిమిది నావి. నీవి కావు."

తల్లి మెడలో టేపును చేతికి చుట్టుకుంటూ గుమ్మంలోకి వెనక్కి జరిగింది.

కూతురు మందుల షాపాయన వైపు తిరిగి చెప్పింది. చాలాసేపు పట్టింది. టీచరు విచారణ నిండుసభలో జరగాలని తన రాయబారి అడుగుతుంది. ఊరి జనం చూస్తుండగా న్యాయం చేస్తే రాణికే పేరొస్తుందంటుంది. ఏం అడగాలో తను చెబుతుంది, ఎంత అందంగా అడిగిందో మార్కులూ పాచికా చెప్పాలి. అంతే. మందుల షాపాయన ఆలోచించి, ఏజెంటుకూ అదే రూలని ఒప్పుకున్నాడు.

ఇరవై ముఖాల పాచిక దొర్లి మూడు దగ్గర ఆగింది. పద్దెనిమిది ఆకర్షణ కూడా ఆ మూడును మోయలేకపోయింది. రాణి విన్నది, మెచ్చుకున్నది, రాయబారిని కూడా చెరసాలలో వేయించింది. ఇక తను మాట్లాడతానని ఏజెంటు ముందుకు జరిగాడు. ముందు నీ నాలుగుతో పాచిక వెయ్యవయ్యా అన్నారు. వేశాడు. అతన్నీ లోపల వేశారు.

కూతురు పగలబడి నవ్వుతోంది. రాణి కాదన్నది ఆమె అడిగినదాన్ని, ఆగిపోయిన మాటను కాదు. తల్లి మాత్రం, ఆ చెరసాలలోకి తల్లులను రానిస్తారా అని మందుల షాపాయనను అడిగింది. జవాబు మీరే చెప్పండన్నట్టు ఆయన కూతురి వైపు చూశాడు.

"రా... రా..."

మిగతా మాట తల్లి నాలుక చివరే ఉంది. పళ్లు బిగబట్టి నిలబడింది.

"రానివ్వరమ్మా," అంది కూతురు.