జబ్బ ఎముక చెప్పని మాట

ఆ రోజు టీ కాచడానికి లోపలికి వెళ్లకుండా ఉంటే తన బతుకు మరోలా ఉండేదని ఇట్టోకు గట్టి నమ్మకం.

మంచు కరిగిన రోజుల్లో రబాత్ నుంచి పశువుల డాక్టరమ్మ లుబ్నా, మెక్నెస్ నుంచి మనుషుల డాక్టర్లు ఇద్దరు, ట్యునిస్ నుంచి ఒక పెద్దాయన, అందరూ ఒకే వ్యానులో కొండెక్కి వచ్చారు. గొర్రె కార్జంలో నీటి బుడగలుంటాయి కదా, వాటిని తిన్న కుక్కకు రోగం, ఆ కుక్కను ముద్దు చేసిన మనిషికి రోగం. దాన్ని ఊరూరా ఆపాలని వాళ్ల పట్టుదల. పండగనాడు కోసిన గొర్రెల్లోని చెడ్డ కార్జాలన్నీ ఒక గుంటలో వేయించి, ఏ ఊళ్లో ఎన్నో చూసుకుని, అందరూ కలిసి లెక్క తేల్చాలట. అందుకు ఊరికొక ఆడమనిషి కావాలి. "కంబళిలో ముడుల్లాగా అనుకోండి. ఒక్క ముడి వదులైనా కంబళి విడిపోతుంది" అంది లుబ్నా.

ఇట్టో ఇంటికి పెద్ద కోడలు. వచ్చినవాళ్లకు మర్యాద జరగాలి కదా. పుదీనా ఏరి, చక్కెర దిమ్మ పగలగొట్టి, రొట్టెలు కాల్చి, తేనె గిన్నెతో బయటికి వచ్చేసరికి డాక్టర్లు ఆమె తోడికోడలు తూదాతో చేతులు కలుపుతున్నారు.

"అక్కా, మన ఊరికి నేనే ముడినట!" అంది తూదా, మొహమంతా నవ్వు చేసుకుని.

"సంతోషం. టీ తాగండి, చల్లారిపోతుంది" అంది ఇట్టో. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఏమిటో ఆమెకు ఆ పళ్లెం చేతిలో ఉండగానే తెలిసింది.

ఊళ్లో ఇట్టోకు ఒక పీట ఉండేది. బక్రీదు రెండో రోజున ఆడవాళ్లందరూ తాము కోసిన గొర్రె జబ్బ ఎముకను తుడిచి ఆమె దగ్గరికే తెస్తారు. ఆమె దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి, వానలెలా ఉంటాయో, ఎవరింట తొట్టెల ఊగుతుందో చదివి చెబుతుంది. ఏనాడూ లేనిది చెప్పలేదు. అలాంటి మనిషి ఆ ఏడు పండక్కి ఫద్మా ఇంటి ఎముక పట్టుకుని, అందులో మంచి గడ్డి తప్ప మరేమీ లేకపోయినా, గొంతు తగ్గించి అంది:

"తూదా చేతి మీద నీడ ఉందే. అది తవ్విన గుంటలో వేసినవాళ్ల మంద గొడ్డుపోతుంది."

అంతే. ఆ ఏడాదంతా తూదా బకెట్ పట్టుకుని గడప గడపా ఎక్కింది, ఉత్త బకెట్‌తో దిగింది. "మా గొర్రెలో బుడగల్లేవమ్మా" అనేవాళ్లు, వెనకాల కుక్క అదే నములుతుంటే. పెళ్లిళ్లలో కోసినవి కూడా కుక్కలకే పోయాయి. ఇట్టో కూడా తూదా చూస్తుండగా ఆ ఇంట్లోనే తిరిగే తన కుక్క వుస్కాయ్‌కి కార్జం ముక్కలు విసిరేది. ఆ కుక్క తల్లినీ ఆమే అలాగే పెంచింది.

చలికాలంలో వ్యాను మళ్లీ వచ్చింది, ఈసారి పొట్టలు చూసే మిషనుతో. ఆడవాళ్లు సిగ్గుపడుతుంటే ధైర్యం చెప్పడానికి తూదా ముందు పడుకుంది. మెక్నెస్ డాక్టరు తెరవంక చూసి లుబ్నాను పిలిచాడు. లుబ్నా ట్యునిస్ పెద్దాయనను పిలిచింది. అందరూ తూదా చుట్టూ చేరారు. ఆమె కార్జంలో నారింజకాయంత బుడగ.

తర్వాత ఇట్టో పడుకుంది. "మీకేం లేదు లల్లా ఇట్టో, లేవొచ్చు" అన్నారు మర్యాదగా. ఆమె పొట్టను రెండోసారి చూసినవాళ్లే లేరు. రోగం కూడా దాన్నే వరించింది అనుకుంది ఇట్టో. సిగ్గులేని మాటే, కానీ అనుకుంది.

"ఇది ఇవాళ్టిది కాదు, ఏళ్ల తరబడి పెరిగింది" అంది లుబ్నా. "ఇంట్లో కుక్క ఉందా? దానికేం పెడతారు?"

తూదా ఇట్టో వైపు ఒక్క చూపు చూసింది. "ఊరంతా పెట్టేదే మేమూ పెడతాం" అంది.

దాచింది! ఎదురు తిరిగి నా పేరు చెప్పినా బాగుండేది, మంచితనంలో కూడా నన్ను కింద కూచోబెట్టింది అని ఇట్టో ఆ రాత్రి పళ్లు నూరింది. నూరుతూనే ఏడ్చింది. ఆ బుడగ తన చేతి కూడే అని ఆమెకు తెలుసు.

పండగకు ముందే ఆపరేషన్ అన్నారు. తూదా బెంగ ఆపరేషన్ గురించి కాదు.

"ఈసారీ గుంట ఖాళీగా ఉంటే మన ఊరిని వదిలేసి వేరే ఊరు చూసుకుంటారటక్కా. అప్పుడు మందు బిళ్లలూ రావు, మిషనూ రాదు. నేనక్కడ మంచం మీదుంటే ఇక్కడ ఎవరు అడుగుతారు?"



తూదా మొగుడు మోహా, ఆపరేషన్ బాగా జరగాలని గొర్రెను కోసి ఊరందరికీ కుస్కుస్ పెట్టాడు. తిన్నాక ఫద్మా జబ్బ ఎముకను తుడిచి ఇట్టో ఒళ్లో పెట్టింది. "చూడు ఇట్టో, పిల్ల క్షేమంగా తిరిగొస్తుందా?"

ఇట్టో ఎముకను ఎత్తి పట్టింది. అది ఏమీ లేకుండా తెల్లగా ఉంది. ఇప్పుడు 'ఈ పని ఇట్టో చేతికి రావాలట' అంటే చాలు, ఎవరూ కాదనరు. ముడి తనే అవుతుంది. మాట నాలుక చివరకు వచ్చింది.

కానీ గుంట తవ్విన చెయ్యి తూదాది. ఆ చేతికి మసి పూసింది తను. ఆ మసి కడగకపోతే ఎవరడిగినా ఒక్క కార్జం ఆ గుంట దగ్గరికి రాదు. గుమ్మం దగ్గర తూదా చిన్న కూతురు వుస్కాయ్ మెడ చుట్టూ చేతులు వేసుకుని కూచుంది. కుక్క దాని బుగ్గ నాకుతోంది.

"పోయినేడు నేను చూసిన నీడ ఇదేనే" అంది ఇట్టో. "ఊరి మందల మీద పడాల్సిన కీడును తూదా తన కడుపున మోసింది. కీడు పోయింది. ఇక ఆ చేతిలో ఉన్నది బరకతే, దేవుడి దీవెనే. అది తవ్విన గుంటలో వేసినవాళ్ల మంద రెట్టింపవుతుంది."

ఆడవాళ్లు అల్లా పేరు తలిచారు. ఫద్మా కళ్లొత్తుకుంది. తూదా తల వంచుకుంది. ఇట్టో లేచి వెళ్లి పిల్ల బుగ్గను సబ్బుతో కడిగి, కుక్కను దొడ్లో కట్టేసింది.

పండగనాడు గుంట నిండింది. పిలవకుండానే బకెట్లు వచ్చాయి, పక్క కొండ మీదివాళ్లు కూడా తెచ్చారు. లుబ్నా ఫోన్‌లో, "తూదాకు చెప్పండి, ఇన్ని ఊళ్లలో మీదే మొదటిది!" అని కేకలేసింది. ఫోన్ పట్టుకున్నది ఇట్టో. "చెబుతాను" అని పెట్టేసింది.

రెండో రోజుకు తూదా కుట్లతో ఇంటికొచ్చి, కంబళి కప్పుకుని గోడకానుకుని కూచుంది. ఎప్పటిలాగే ఆడవాళ్లు ఎముకలు తెచ్చారు. ఇట్టో ఒళ్లో గుడ్డ పరుచుకుని చెయ్యి చాపింది. ఫద్మా ఆమెను దాటుకుని తూదా దగ్గరికి వెళ్లింది.

"ముందు నువ్వు ముట్టుకో తల్లీ, బరకత్ చెయ్యి. తర్వాత ఇట్టో చదువుతుందిలే."

వెనక వరస కట్టారు. ఒకామె అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను కూడా తెచ్చింది. తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇట్టో గుడ్డ సర్దుకుంది.

తూదా ఎముకను తాకి, వంగలేక వంగి, ఇట్టో చేతికిచ్చింది. "నాకేం కనబడదక్కా" అంది మెల్లగా. "ఆ రోజు నీకు నిజంగా కనబడిందా?"

"ఎముక అబద్ధమాడుతుందటే?" అంది ఇట్టో విసురుగా.

ఎముకను వెలుతురుకు ఎత్తింది. అందులో స్పష్టంగా ఉంది: నిండు గడ్డి, తొట్టెల, తూదాకు దీర్ఘాయుష్షు. అందరూ ఆమె నోటివంక చూస్తున్నారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి అంత కష్టపడటం ఆమెకు అదే మొదటిసారి.